మెటల్ హేలైడ్ దీపాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మెటల్ హేలైడ్ దీపం అంటే ఏమిటి?

అధిక పీడనంలో ఉన్న పాదరసపు ఆవిరిలో, దానితో కలిసిన కొన్ని లోహాల హేలైడ్ లవణాల (అయోడిన్, బ్రోమిన్ వంటి మూలకాలతో లోహం కలిసి ఏర్పడే లవణాల) ఆవిరిలో విద్యుత్ ఆర్క్‌ను నిలిపి వెలుతురు రాబట్టే దీపమే మెటల్ హేలైడ్ దీపం. పాదరసపు ఆవిరి దీపం, అధిక పీడన సోడియం దీపం కూడా ఈ కుటుంబానికి చెందినవే. ఈ మూడింటిలోనూ వేడెక్కి వెలిగే తీగ ఉండదు. రెండు ఎలక్ట్రోడుల మధ్య ఉన్న వాయువే వెలుగుతుంది. సోడియం దీపం పసుపు రంగు వెలుతురును, పాదరసపు దీపం ఎరుపు లోపించిన నీలి-ఆకుపచ్చ వెలుతురును ఇస్తే, మెటల్ హేలైడ్ దీపం ఇచ్చేది తెల్లని వెలుతురు.

ఈ దీపం స్విచ్ వేయగానే ఎందుకు పూర్తిగా వెలగదు, ఒకసారి ఆరితే మళ్ళీ వెంటనే ఎందుకు అంటుకోదు, ఒకే పెట్టెలోంచి తీసిన రెండు బల్బుల రంగు ఎందుకు కలవదు, తప్పు దిశలో బిగిస్తే ఎందుకు త్వరగా పాడవుతుంది అన్న ప్రశ్నలు వేర్వేరుగా కనిపించినా, వాటిలో చాలావాటికి కారణం ఒక్కచోటే ఉంది. వెలుతురును ఇచ్చే లవణమంతా ఆవిరిగా ఉండదు. దానిలో కొంత భాగం ట్యూబులోని అన్నిటికంటే చల్లని చోట కరిగిన ద్రవంగా నిలిచి ఉంటుంది. ఆ చోటు ఎంత వేడిగా ఉందన్నదే ఎంత లవణం ఆవిరి కావాలో నిర్ణయిస్తుంది. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే ఈ దీపం ప్రవర్తన చాలావరకు అర్థమవుతుంది.

బల్బు లోపల ఏమేమి ఉంటాయి?

బయట కనిపించే పెద్ద గాజు బుడ్డి నిజానికి ఒక తొడుగు మాత్రమే. వెలుతురు పుట్టేది దాని మధ్యలో ఉన్న చిన్న గొట్టంలో; దాన్ని ఆర్క్ ట్యూబ్ అంటారు. ఇది క్వార్ట్జ్‌తోగాని, అల్యూమినా సిరామిక్‌తోగాని తయారవుతుంది. దాని రెండు చివరల్లో టంగ్‌స్టన్ ఎలక్ట్రోడులు, లోపల కొద్దిపాటి ఆర్గాన్ వాయువు, కొంత పాదరసం, కొన్ని మిల్లీగ్రాముల హేలైడ్ లవణాలు ఉంటాయి. క్వార్ట్జ్ వేడికి దాదాపు వ్యాకోచించదు, లోహపు తీగ వ్యాకోచిస్తుంది. మందమైన తీగను నేరుగా క్వార్ట్జ్‌లో బిగిస్తే అతుకు పగులుతుంది కాబట్టి, ఆ చోట అతి పలుచని మాలిబ్డినం రేకును పెట్టి దానిమీద క్వార్ట్జ్‌ను నొక్కి మూస్తారు.

క్వార్ట్జ్ ట్యూబు చివరల్లో తెల్లని పూత పూసి ఉండటం చాలామంది గమనించే ఉంటారు. అది అలంకారం కాదు. ఎలక్ట్రోడుల వెనుక ఉన్న మూలలే ట్యూబులో అన్నిటికంటే చల్లని చోట్లు. లవణం అక్కడే చేరుతుంది. ఆ పూత వేడిని లోపలికి తిప్పి పంపి ఆ మూలలను తగినంత వేడిగా ఉంచుతుంది. బయటి గాజు తొడుగును సాధారణంగా బోరోసిలికేట్ గాజుతో చేసి, దాని లోపలి గాలిని తీసివేస్తారు, లేదా నైట్రోజన్‌తో నింపుతారు. అది ఆర్క్ ట్యూబు వేడిని కాపాడుతుంది, మాలిబ్డినం రేకు తుప్పు పట్టకుండా చూస్తుంది, అతినీలలోహిత కిరణాల్లో ప్రమాదకరమైన భాగాన్ని ఆపుతుంది.

వెలుతురు ఎలా పుడుతుంది?

స్విచ్ వేయగానే ముందుగా ఆర్గాన్‌లో డిశ్చార్జి, అంటే వాయువు గుండా విద్యుత్ ప్రవాహం, మొదలవుతుంది. అప్పుడు వెలుతురు చాలా తక్కువ. ఆ వేడికి పాదరసం ఆవిరై ట్యూబులో పీడనం పెరుగుతుంది. దీపం కాసేపు నీలి ఛాయలో కనిపిస్తుంది. గోడలు ఇంకా వేడెక్కిన తరువాత లవణాలు కరిగి, వాటిలో కొంత ఆవిరై ఆర్క్‌లోకి చేరుతుంది. ఆర్క్ మధ్యభాగంలో ఉష్ణోగ్రత 5,000 కెల్విన్ల స్థాయిలో ఉంటుంది. అక్కడ హేలైడ్ అణువు విడిపోయి లోహపు పరమాణువు వేరు, అయోడిన్ వేరు అవుతాయి. విడివడిన లోహపు పరమాణువులు ఆర్క్‌లోని ఎలక్ట్రాన్ల తాకిడికి ఉత్తేజితమై, తిరిగి మామూలు స్థితికి వచ్చేటప్పుడు తమకు ప్రత్యేకమైన రంగుల్లో వెలుతురును వెదజల్లుతాయి. అవి మెల్లగా గోడవైపు సాగేకొద్దీ ఉష్ణోగ్రత తగ్గుతుంది కాబట్టి, అయోడిన్‌తో మళ్ళీ కలిసి హేలైడ్‌గా మారిపోతాయి. ఆ హేలైడ్ మళ్ళీ ఆర్క్‌లోకి చేరడం, మళ్ళీ విడిపోవడం దీపం వెలుగుతున్నంతసేపూ ఆగకుండా జరుగుతూనే ఉంటాయి.

ఇక్కడ పాదరసం పాత్రను తక్కువగా అంచనా వేయకూడదు, ఎక్కువగానూ చెప్పకూడదు. ట్యూబులోని పీడనంలో సింహభాగం దానిదే, ఎలక్ట్రోడుల మధ్య తగిన వోల్టేజీ నిలిచేది దానివల్లనే. కాని కంటికి కనిపించే వెలుతురులో దాని వాటా కొద్దిపాటిదే. కారణం శక్తిలో ఉన్న తేడా. సోడియం పరమాణువు తన పసుపు రంగును వెలువరించే స్థితికి చేరడానికి సుమారు 2.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు. పాదరసం తన ఆకుపచ్చ గీతను వెలువరించే స్థితికి చేరడానికి సుమారు 7.7 కావాలి. అందుకే ట్యూబులో పాదరసపు పరమాణువులే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నా, వెలిగే పని ఎక్కువగా లోహాలే చేస్తాయి.

లోహాన్ని నేరుగా వేయకుండా హేలైడ్ రూపంలో ఎందుకు వేస్తారు?

రెండు కారణాలున్నాయి. స్కాండియం, డిస్ప్రోసియం వంటి లోహాలు క్వార్ట్జ్ భరించగల ఉష్ణోగ్రతల దగ్గర చెప్పుకోదగినంత ఆవిరి కావు. వాటి అయోడైడ్లు మాత్రం అదే వేడిలో సులభంగా ఆవిరవుతాయి. రెండవది, సోడియం వంటి లోహాలు వేడి క్వార్ట్జ్‌ను తినేస్తాయి. గోడ దగ్గర లోహం హేలైడ్‌గా కట్టుబడి ఉండటం వల్ల ఆ దాడి చాలావరకు తగ్గుతుంది. అంటే ఆర్క్ మధ్యలో లోహంగా, గోడ దగ్గర లవణంగా ఉండే పదార్థం దీపానికి కావాలి. హేలైడ్ ఆ పనికి సరిగ్గా సరిపోతుంది. ఎక్కువగా వాడేది అయోడైడ్లనే, కొన్ని దీపాల్లో బ్రోమైడ్లు కూడా ఉంటాయి. ఫ్లోరైడ్లు, క్లోరైడ్లు ఎలక్ట్రోడులకు, గోడకు చేసే హాని ఎక్కువ కనుక వాటి జోలికి సాధారణంగా వెళ్ళరు.

ఏ లోహం ఏ రంగునిస్తుంది?

సోడియం 589 నానోమీటర్ల దగ్గర పసుపు-నారింజ రంగును, థాలియం 535 దగ్గర ఆకుపచ్చను, ఇండియం 451 దగ్గర నీలాన్ని, లిథియం 671 దగ్గర ఎరుపును ఇస్తాయి. సోడియం, థాలియం, ఇండియం మూడింటినీ కలిపితే మూడు గట్టి రంగులు కలిసి తెలుపుగా కనిపిస్తాయి. స్కాండియంది వేరే పద్ధతి: అది వర్ణపటమంతటా అనేక సన్నని గీతలను పరుస్తుంది, దానికి సోడియం తోడైతే ఫ్యాక్టరీల్లో, పార్కింగ్ స్థలాల్లో వాడే సాధారణ దీపం తయారవుతుంది. డిస్ప్రోసియం, హోల్మియం, థూలియం వంటి అరుదైన మృత్తిక లోహాల గీతలు మరీ దగ్గరదగ్గరగా ఉండి దాదాపు ఎడతెగని వర్ణపటంలా కనిపిస్తాయి. పగటి వెలుతురును పోలిన దీపాలకు ఆధారం అవే. ఈ పాళ్ళను మార్చి (ఇక్కడ కెల్విన్ వెలుతురు ఛాయకు కొలత, అది పెరిగేకొద్దీ వెలుతురు నీలివైపు జరుగుతుంది) 3,000 కెల్విన్ల వెచ్చని తెలుపు నుంచి అక్వేరియాల్లో వాడే 20,000 కెల్విన్ల నీలి తెలుపు వరకు దీపాలను తయారు చేశారు.

దీన్ని ఎవరు, ఎప్పుడు కనిపెట్టారు?

పాదరసపు దీపంలో హేలైడ్లను కలపాలన్న ఆలోచనకు విద్యుత్ ఇంజనీరు చార్లెస్ స్టైన్‌మెట్జ్ 1912లోనే పేటెంట్ పొందారు. ఆనాటి పదార్థాలతో ఆర్క్‌ను స్థిరంగా నిలపడం సాధ్యం కాలేదు. శుద్ధమైన క్వార్ట్జ్ గొట్టాలు, శుద్ధమైన లవణాలు చేతికి వచ్చాక, 1960ల ఆరంభంలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పని చేసిన గిల్బర్ట్ రైలింగ్ ఆచరణలో నిలిచే దీపాన్ని రూపొందించారు. అదే దశాబ్దంలో అవి మార్కెట్లోకి వచ్చాయి.

పూర్తిగా వెలగడానికి కొన్ని నిమిషాలు ఎందుకు పడుతుంది?

ట్యూబు గోడ గది ఉష్ణోగ్రత నుంచి వందల డిగ్రీలకు చేరాలి, పాదరసం మొత్తం ఆవిరి కావాలి, ఆ తరువాత లవణం కరిగి ఆవిరవడం మొదలుపెట్టాలి. దీనికి సాధారణంగా 2 నుంచి 5 నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో రంగు మారుతూ ఉండటం లోపం కాదు. ఏ పదార్థం ముందు ఆవిరైతే దాని రంగు ముందు కనిపిస్తుంది, అంతే.

ఒక్క క్షణం కరెంటు పోయి వచ్చినా దీపం మళ్ళీ వెంటనే ఎందుకు వెలగదు?

ఈ దీపానికి ఉన్న అతి పెద్ద ఇబ్బంది ఇదే. చల్లని ట్యూబులో ఆర్గాన్ పీడనం తక్కువ, కాబట్టి కొన్ని కిలోవోల్టుల తాకిడికే డిశ్చార్జి మొదలవుతుంది. వెలుగుతున్న దీపంలో పాదరసపు ఆవిరి వాతావరణ పీడనానికి అనేక రెట్లు ఎక్కువ పీడనంతో ఉంటుంది. ఆ దట్టమైన ఆవిరిని ఛేదించడానికి మామూలు ఇగ్నైటరు (దీపాన్ని అంటించే అధిక వోల్టేజీ పరికరం) ఇచ్చే వోల్టేజీ చాలదు. ఆర్క్ ఒక్కసారి తెగిందంటే ట్యూబు చల్లారి పీడనం పడిపోయేదాకా ఆగాల్సిందే. దీపాన్ని బట్టి, ఫిట్టింగ్‌లో గాలి ఆడే తీరును బట్టి ఇది 5 నుంచి 15 నిమిషాలు, కొన్నిటికి ఇంకా ఎక్కువే. సరఫరా పూర్తిగా పోనక్కరలేదు, వోల్టేజీ ఒక్క క్షణం బాగా కుంగినా ఆర్క్ తెగిపోతుంది.

ఇది ఎంత దూరం వెళ్ళగలదో 2013 ఫిబ్రవరి 3న న్యూ ఆర్లీన్స్‌లోని సూపర్‌డోమ్ స్టేడియంలో లోకమంతా చూసింది. అమెరికన్ ఫుట్‌బాల్ సూపర్ బౌల్ పోటీ మధ్యలో విద్యుత్ సరఫరా పాక్షికంగా తెగిపోయి ఆట 34 నిమిషాలు నిలిచిపోయింది. సరఫరాను పునరుద్ధరించినంత మాత్రాన ఆట మొదలుపెట్టడానికి వీలు కాలేదు. మెటల్ హేలైడ్ ఫ్లడ్‌లైట్లు మళ్ళీ వెలిగి పూర్తి స్థాయికి చేరేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

దీనికి పరిష్కారాలు లేకపోలేదు. రెండు చివరలా కనెక్షన్లు ఉన్న కొన్ని దీపాలను పదుల కిలోవోల్టులిచ్చే ప్రత్యేక ఇగ్నైటర్లతో వేడిగా ఉండగానే వెలిగించవచ్చు. సినిమా దీపాల్లో ఈ ఏర్పాటు మామూలే. ఫ్యాక్టరీల్లో కొన్ని ఫిట్టింగ్‌లకు పక్కనే ఒక హాలోజన్ బల్బును అమర్చి, ప్రధాన దీపం చల్లారేలోగా అది వెలిగేటట్టు చేస్తారు. మనుషులు కదిలే చోట ఈ దీపాలనే నమ్ముకుని అత్యవసర లైటింగ్ లేకుండా వదిలేయడం మాత్రం బాధ్యతారాహిత్యమే.

చోక్, ఇగ్నైటరు తప్పనిసరిగా ఎందుకు ఉండాలి?

ఆర్క్‌లో కరెంటు పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది, నిరోధం తగ్గేకొద్దీ కరెంటు ఇంకా పెరుగుతుంది. అడ్డుకునేది లేకపోతే దీపం క్షణాల్లో నాశనమవుతుంది. కేటలాగుల్లో బ్యాలస్ట్‌గా రాసే చోక్ ఆ కరెంటును పట్టి ఉంచుతుంది. రాగి తీగ చుట్టిన చోక్‌లో కొంత శక్తి వేడిగా పోతుంది. 400 వాట్ల దీపం మొత్తంమీద 450 వాట్లకు పైగా తీసుకోవడం సాధారణం, బిల్లు లెక్కించేటప్పుడు చాలామంది మరిచిపోయేది ఇదే.

వెలిగించే పద్ధతులు రెండు. పాత దీపాల్లో ఆర్క్ ట్యూబు లోపలే ఒక మూడవ చిన్న ఎలక్ట్రోడు ఉండి, పక్కనున్న ప్రధాన ఎలక్ట్రోడుతో ముందు చిన్న డిశ్చార్జిని మొదలుపెడుతుంది. తరువాతి దీపాల్లో దాన్ని తీసివేసి, బయటి ఇగ్నైటరు 3 నుంచి 5 కిలోవోల్టుల పల్స్‌లు ఇచ్చేటట్టు చేశారు. మూడవ ఎలక్ట్రోడు లేకపోవడంతో ట్యూబు చివరలను చిన్నవిగా, సమంగా వేడెక్కేటట్టు మలచడం సాధ్యమైంది. వెలుతురు, రంగు నిలకడ, ఆయుష్షు మూడూ మెరుగయ్యాయి. ఈ రెండు రకాల బల్బులు హోల్డరులో ఒకేలా ఇమిడినా, చోక్‌లు వేరు. బల్బు మీద ఉన్న సంకేతం, చోక్ మీద ఉన్న సంకేతం కలిస్తేనే బిగించాలి. ఇగ్నైటరును దీపానికి దగ్గరగా ఉంచడం కూడా ముఖ్యమే, ఎందుకంటే పొడవైన కేబులు ఆ పల్స్‌ను దారిలోనే బలహీనపరుస్తుంది.

ఎలక్ట్రానిక్ బ్యాలస్ట్‌ల విషయంలో ఒక విశేషం చెప్పుకోవాలి. ట్యూబులైటులాగా వీటిని పదుల కిలోహెర్ట్జ్‌లతో నడపబోతే ట్యూబులోని వాయువులో ధ్వని తరంగాలు ఏర్పడి ఆర్క్ వంకర్లు తిరుగుతుంది; ఒక్కోసారి గోడను తాకి ట్యూబును పగులగొడుతుంది కూడా. అందుకే చాలా ఎలక్ట్రానిక్ బ్యాలస్ట్‌లు కొన్ని వందల హెర్ట్జ్‌ల చదరపు తరంగాన్నే దీపానికి ఇస్తాయి.

క్వార్ట్జ్ ట్యూబుకు, సిరామిక్ ట్యూబుకు తేడా ఏమిటి?

క్వార్ట్జ్‌ను మెత్తబరిచి నొక్కి తయారు చేస్తారు కాబట్టి ఏ రెండు ట్యూబుల ఆకారమూ అచ్చంగా ఒకేలా రాదు. ఆకారంలో కొద్ది తేడా వచ్చినా లవణం నిలిచే మూల ఉష్ణోగ్రత మారుతుంది, దానితో రంగు మారుతుంది. పైగా వేడి క్వార్ట్జ్ గుండా సోడియం అయాన్లు కొద్దికొద్దిగా బయటికి వెళ్ళిపోతాయి. ఆర్క్ నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు పక్కనున్న లోహపు ఫ్రేమును తాకినప్పుడు దానినుంచి ఎలక్ట్రాన్లు వెలువడి ట్యూబు బయటి గోడ మీద పేరుకుంటాయి. ఆ రుణావేశం ధనావేశం గల సోడియం అయాన్లను బయటికి లాగుతుంది. సోడియం పోయేకొద్దీ దీపం వోల్టేజీ పెరుగుతుంది, వెలుతురులోని వెచ్చదనం తగ్గుతుంది. పాతబడిన దీపాల వరసలో ఒకటి గులాబీ ఛాయలో, ఒకటి ఆకుపచ్చ ఛాయలో కనిపించడానికి ఇవి ముఖ్య కారణాలు.

1990ల మధ్యలో వచ్చిన సిరామిక్ ట్యూబులు ఈ రెండు చిక్కులనూ చాలావరకు తీర్చాయి. అల్యూమినాను అచ్చుల్లో పోసి చేస్తారు కాబట్టి కొలతలు కచ్చితంగా ఉంటాయి, అది క్వార్ట్జ్ కంటే ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, సోడియం దాని గుండా సులభంగా పోదు. సోడియం-స్కాండియం క్వార్ట్జ్ దీపాలకు సీఆర్ఐ (వస్తువుల రంగులను ఎంత నిజంగా చూపుతుందో తెలిపే, గరిష్ఠంగా 100 ఉండే సూచిక) సాధారణంగా 65 నుంచి 70 మధ్య ఉంటే, సిరామిక్ దీపాలకు 80 నుంచి 95 దాకా ఉంటుంది. దుస్తులు, పండ్లు, బొమ్మలు అమ్మే చోట వస్తువు అసలు రంగు కనిపించాలంటే ఆ తేడా చాలా పెద్దది. నా దృష్టిలో ఈ దీపాల చరిత్రలో అసలైన మెరుగుదల ఇదే. మిగిలినవన్నీ దాని పక్కన చిన్న సవరణలు.

వెలుతురు ఎంత ఇస్తుంది, ఎంతకాలం మన్నుతుంది?

వెలుతురు మొత్తాన్ని ల్యూమెన్లలో కొలుస్తారు; వాట్‌కు 75 నుంచి 100 ల్యూమెన్లు సాధారణం. ఆయుష్షు రకాన్ని బట్టి 6,000 నుంచి 20,000 గంటలు. అయితే పెట్టె మీద రాసిన గంటలను అర్థం చేసుకోవడంలో చాలామంది పొరబడతారు. ఆ సంఖ్య పరీక్షకు పెట్టిన దీపాల్లో సగం ఆరిపోయే సమయాన్ని చెబుతుంది, అదీ ఒకసారి వెలిగిస్తే దాదాపు 10 గంటలు వెలగనిస్తూ చేసిన పరీక్షలో. గంటకోసారి ఆర్పి వెలిగిస్తే అంత మన్నదు, ఎందుకంటే వెలిగించిన ప్రతిసారీ ఎలక్ట్రోడుల టంగ్‌స్టన్ కొంత ఎగిరి గోడకు అంటుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, దీపం ఆరకముందే వెలుతురు బాగా తగ్గిపోతుంది. మొదట్లో 36,000 ల్యూమెన్లు ఇచ్చే పాతతరం 400 వాట్ల దీపం తన ఆయుష్షులో 40 శాతం గడిచేసరికి సుమారు 24,000 దగ్గరికి దిగివస్తుంది. కరెంటు ఖర్చు మాత్రం తగ్గదు. అందుచేత ఆరేదాకా ఆగకుండా, నిర్ణీత గంటల తరువాత వరస మొత్తాన్ని ఒకేసారి మార్చడమే తెలివైన పద్ధతి. రంగు తేడాల బాధ కూడా అలాగే తప్పుతుంది.

వీటిని ఎక్కడెక్కడ వాడతారు?

చిన్న బిందువు వంటి చోటు నుంచి అపారమైన తెల్లని వెలుతురు కావలసిన ప్రతిచోటా వాడారు. ఆర్క్ కొన్ని మిల్లీమీటర్ల నుంచి కొన్ని సెంటీమీటర్ల పొడవే కాబట్టి, అద్దంతో దాని వెలుతురును కోరిన వైపు మళ్ళించడం తేలిక. స్టేడియం స్తంభాల మీద 1,000 నుంచి 2,000 వాట్ల దీపాలు దశాబ్దాల పాటు రాజ్యమేలడానికి కారణం అదే. వంద మీటర్ల దూరం నుంచి మైదానం మీద వెలుతురును కచ్చితంగా పరచాలి, టెలివిజన్ కెమెరాకు రంగులు నిజంగా కనిపించాలి. ఎత్తైన కప్పుగల ఫ్యాక్టరీల్లో, గోదాముల్లో 250, 400 వాట్ల దీపాలు, దుకాణాల్లో 35 నుంచి 150 వాట్ల సిరామిక్ దీపాలు వాడకంలోకి వచ్చాయి. కట్టడాల మీద, వంతెనల మీద వెలుతురు పరచడానికి, రేవుల్లో, విమానాశ్రయాల్లో కూడా ఇవే.

సినిమా చిత్రీకరణలో వీటిది ప్రత్యేక స్థానం. 1960ల చివర ఆస్రామ్ సంస్థ రూపొందించిన హెచ్ఎంఐ దీపాలు డిస్ప్రోసియం వంటి లోహాలతో 5,600 నుంచి 6,000 కెల్విన్ల పగటి వెలుతురును ఇస్తాయి. కిటికీ బయట 18,000 వాట్ల హెచ్ఎంఐ ఒకటి నిలిపితే గదిలోకి ఎండ పడుతున్నట్టే ఉంటుంది. టంగ్‌స్టన్ బల్బుకు నీలి ఫిల్టరు వేసి అదే ఫలితం రాబట్టాలంటే ఎన్నో రెట్లు విద్యుత్తు కావాలి.

పగడాలను పెంచే అక్వేరియాల్లో 10,000 కెల్విన్లకు మించిన దీపాలను వాడతారు, ఎందుకంటే వాటి నీలి వెలుతురు నీటి లోతుకు చేరుతుంది, పగడాల్లో నివసించే శైవలాలకు అది ఉపయోగపడుతుంది. గ్రీన్‌హౌసుల్లో మొక్కల ఆకుల ఎదుగుదల దశకు మెటల్ హేలైడ్, పూత దశకు సోడియం దీపం వాడటం చాలాకాలం ఆనవాయితీగా సాగింది. స్క్విడ్‌లను పట్టే సముద్రపు పడవలు వరసలుగా ఈ దీపాలను వేలాడదీస్తాయి. ఆ వెలుతురు ఉపగ్రహాలు తీసిన రాత్రి చిత్రాల్లో నగరాలకు సమానంగా కనిపిస్తుంది. ముద్రణలో సిరాను, చెక్క మీద వార్నిష్‌ను క్షణాల్లో గట్టిపరచడానికి ఇనుము, గాలియం కలిపిన దీపాలను వాడతారు, కాకపోతే అక్కడ కావలసింది కనిపించే వెలుతురు కాదు, అతినీలలోహిత కిరణాలు.

కార్ల హెడ్‌లైట్లలో ఉండే జీనాన్ దీపం కూడా ఇదేనా?

అవును, అది కూడా మెటల్ హేలైడ్ దీపమే. 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారుతో ఇది రోడ్డెక్కింది. హెడ్‌లైటు వెలగడానికి డ్రైవరు మూడు నిమిషాలు ఆగలేడు కాబట్టి, ఆర్గాన్‌కు బదులు ఎక్కువ పీడనంలో జీనాన్‌ను నింపుతారు; వెలిగించగానే జీనానే తెల్లగా వెలుగుతుంది, ఆపైన బ్యాలస్ట్ మొదటి సెకన్లలో రెట్టింపుకు మించిన శక్తిని పంపి లవణాలను వేగంగా ఆవిరి చేస్తుంది. నాలుగు సెకన్లలో 80 శాతం వెలుతురు రావాలని ఐరోపా నిబంధన. 35 వాట్లకు సుమారు 3,200 ల్యూమెన్లు ఇస్తుంది. 55 వాట్ల హెచ్7 హాలోజన్ ఇచ్చేది 1,500. తరువాతి రకాల్లో పాదరసాన్ని తీసివేసి జింక్ అయోడైడ్‌ను వాడారు. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టరులో ఈ బల్బును బిగించడం మాత్రం ఎదురుగా వచ్చేవారి కళ్ళను బైర్లు కమ్మించడమే.

ఏ దిశలో బిగించినా ఫర్వాలేదా?

అన్నిటికీ కాదు. బల్బును నిలువుగా బిగిస్తే ఒక మూలలో, అడ్డంగా బిగిస్తే ట్యూబు అడుగున లవణం చేరుతుంది. అడ్డంగా ఉన్నప్పుడు ఆర్క్ వేడికి పైకి వంగి పైగోడను మరింత కాలుస్తుంది. అందుకే బల్బు మీద దిశ రాసి ఉంటుంది. రాసిన దిశను కాదని బిగిస్తే రంగు మారుతుంది, వెలుతురు తగ్గుతుంది, ట్యూబు ఉబ్బి ఆయుష్షు తరుగుతుంది.

వెలుతురును తగ్గించుకోవచ్చా?

కొంతవరకే. తగిన బ్యాలస్ట్‌తో సగం శక్తి దాకా తగ్గించవచ్చు. శక్తి తగ్గితే మూలలు చల్లబడతాయి, లవణం తక్కువగా ఆవిరవుతుంది, పాదరసపు నీలి-ఆకుపచ్చ రంగు పైకి తేలుతుంది. కచ్చితమైన రంగు కావలసిన చోట ఈ దీపాన్ని తగ్గించకపోవడమే మేలు.

దీపం పేలిపోతుందన్నది నిజమేనా?

అరుదుగానే జరిగినా, నిజమే. చాలాకాలం వాడిన క్వార్ట్జ్ ట్యూబు స్ఫటికంగా మారి పెళుసెక్కుతుంది. లోపలి పీడనానికి అది పగిలితే సుమారు 1,000 డిగ్రీల వేడిమి గల ముక్కలు బయటి గాజును కూడా ఛేదించవచ్చు. రోజంతా, వారమంతా ఆర్పకుండా నడిపే చోట ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే బలహీనపడిన దీపం మామూలుగా తిరిగి వెలిగించేటప్పుడు విఫలమై బయటపడుతుంది. ఎప్పుడూ ఆర్పకపోతే ఆ అవకాశమే రాదు. అందుకే వారానికి ఒకసారైనా కనీసం 15 నిమిషాలు ఆర్పాలని తయారీదారులు చెబుతారు. అద్దం మూత లేని ఫిట్టింగ్‌లో ఆర్క్ ట్యూబు చుట్టూ రక్షణ కవచం ఉన్న బల్బునే వాడాలి. ఆయుష్షు దాటిన బల్బును ఇంకా వెలుగుతోంది కదా అని వదిలేయకూడదు.

బయటి గాజు పగిలినా దీపం వెలుగుతూనే ఉంటే ఏం చేయాలి?

వెంటనే ఆర్పేయాలి. ఆర్క్ ట్యూబు సొంతంగా చాలాసేపు వెలగగలదు, కాని అతినీలలోహిత కిరణాలను ఆపే తొడుగు ఇప్పుడు లేదు. కొద్ది నిమిషాల్లోనే కళ్ళు, చర్మం దెబ్బతినవచ్చు. కళ్ళ మంట, నొప్పి కొన్ని గంటల తరువాతగాని మొదలుకావు కాబట్టి అప్పటికప్పుడు ఎవరికీ తెలియదు. అమెరికా నిబంధనల ప్రకారం ‘టి’ గుర్తు ఉన్న బల్బు తొడుగు పగిలాక 15 నిమిషాల్లోపు తనంతట తానే ఆరిపోవాలి, ‘ఆర్’ గుర్తు ఉన్నదానికి ఆ ఏర్పాటు లేదు. వ్యాయామశాలల్లో, బంతి తగిలే అవకాశమున్న చోట ‘టి’ రకాన్నో, మూత ఉన్న ఫిట్టింగ్‌నో ఎంచుకోవాలి.

వెలుతురు మినుకుమంటుందా?

50 హెర్ట్జ్ సరఫరాతో మామూలు చోక్ మీద నడిచే దీపం సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. కంటికి ఇది సాధారణంగా తెలియదు, కాని వేగంగా తిరిగే యంత్రం నిలిచినట్టు భ్రమ కలగవచ్చు, స్లోమోషన్ కెమెరాలో స్పష్టంగా కనిపిస్తుంది. పక్కపక్క దీపాలను మూడు ఫేజ్‌లకు పంచితే ఒకటి తగ్గే వేళ మరొకటి పెరిగి చాలావరకు సర్దుకుంటుంది.

పాత బల్బును ఎలా పారవేయాలి?

చెత్తబుట్టలో వేయకూడదు. 400 వాట్ల బల్బులో పదుల మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే కేంద్రానికే అప్పగించాలి. పగిలితే కిటికీలు తెరిచి, మందపాటి కాగితంతో ముక్కలను ఎత్తి మూత బిగించే సీసాలో వేయాలి. వాక్యూమ్ క్లీనరు వాడితే పాదరసపు ఆవిరి గదంతా వ్యాపిస్తుంది.

ఎల్ఈడీలు వచ్చాక వీటి అవసరం ఉందా?

సాధారణ లైటింగ్‌లో కొత్తగా పెట్టేవారికి దాదాపు లేదనే చెప్పాలి. ఎల్ఈడీ ఫిట్టింగ్ వాట్‌కు 130 ల్యూమెన్లకు మించి ఇస్తుంది, తక్షణం వెలుగుతుంది, కోరినంత తగ్గుతుంది. 2015లో గ్లెండేల్ స్టేడియంలో జరిగిన సూపర్ బౌల్ నాటికే అక్కడ మెటల్ హేలైడ్ దీపాల స్థానంలో ఎల్ఈడీలు వచ్చేశాయి. ఒకే చిన్న బిందువు నుంచి అతి తీవ్రమైన వెలుతురు కావలసిన పెద్ద సినిమా దీపాల్లో, కొన్ని అతినీలలోహిత పనుల్లో మాత్రం ఆర్క్ దీపం ఇంకా నిలిచి ఉంది.

ఉన్న ఫిట్టింగ్‌లోనే ఎల్ఈడీ బల్బు పెట్టదలచినవారు ముందు అది చోక్‌తో కలిసి పనిచేసే రకమా, నేరుగా సరఫరాకు కలిపే రకమా అన్నది చూడాలి. నేరుగా కలిపే రకమైతే చోక్‌ను, కెపాసిటరును, ఇగ్నైటరును మూడింటినీ సర్క్యూట్ నుంచి తప్పించాలి. ఒక్క ఇగ్నైటరును మరిచిపోయి వదిలేసినా, అది పంపే కిలోవోల్టుల పల్స్ కొత్త బల్బులోని డ్రైవరును (ఎల్ఈడీలకు తగిన కరెంటునిచ్చే సర్క్యూట్‌ను) మొదటి స్విచ్‌తోనే కాల్చివేయగలదు. మార్పు చేశాక ఫిట్టింగ్ మీద ఆ సంగతి తెలిపే చీటీ అతికించాలి, లేకపోతే తరువాత వచ్చిన ఎలక్ట్రీషియను అదే హోల్డరులో మళ్ళీ మెటల్ హేలైడ్ బల్బును బిగించి, చోక్ లేని ఆ దీపాన్ని నేరుగా సరఫరాకు కలిపే ప్రమాదం ఉంది.